ఆరు అంగుళాల గొట్టం

నేను ఒక పిస్తోలుని. వెంటనే హత్యలూ ముఠా తగాదాలూ ఊహించుకోకండి. పుట్టి ఇన్నేళ్ళైనా నేను కాగితాలకు తప్ప దేనికీ చిల్లు పెట్టలేదు. అలాగని నా కథ చప్పగా ఉంటుందనుకోవద్దు. ఇందులో ఎత్తులున్నాయి, పైఎత్తులున్నాయి, ఆఖరి గుండు పేలేదాకా తేలని పోటీ ఉంది.

ముందు నా వివరాలు. బోరు పాయింట్ ట్వంటీటూ. బోరంటే గొట్టం లోపలి వెడల్పు. నా గుండు పెసరగింజ కంటే కాస్త పెద్దది, బఠాణీ కంటే చిన్నది. గొట్టం పొడుగు ఆరు అంగుళాలు. ఇటలీలో కొండల మధ్య ఒక ఊళ్ళో నన్ను తయారుచేశారు. లోపల మెలి తిరిగిన గాడులు చెక్కారు. వాటి మధ్యనుంచి వచ్చే గుండు బొంగరంలా తిరుగుతూ తిన్నగా పోతుంది. పని ముగించిన ముసలాయన నా వెనక కన్ను పెట్టి, గొట్టంలోంచి ఆకాశాన్ని చూసి, తృప్తిగా ఈల వేశాడు. నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు అదే. రెండోదానికి చాలాకాలం ఆగాల్సి వచ్చింది.

పోటీల కోసం నన్ను తెప్పించుకున్నది విశాఖపట్నం రైల్వేలో పనిచేసే ఒక ఆటగాడు. ఆయన నాతో పతకాలు కొట్టాడు, ఫోటోలు మాత్రం పతకాలతో దిగాడు. కళ్ళకు శుక్లాలు వచ్చాక భీమిలి రోడ్డులో ఉన్న రైఫిల్ క్లబ్బుకి నన్ను ఇచ్చేసి, ఒకసారి నిమిరి వెళ్ళిపోయాడు.

క్లబ్బులో నా వైభవం అక్కడితో సరి. ఆదివారం ఉదయం సరదాకి కాల్చుకోవడానికి వచ్చే పెద్దమనుషులకి కావలసింది గురి కాదు, మోత. ఒక కుర్రాడు నన్ను పట్టుకుని ఐదు గుళ్ళు కాల్చి, "ఇదేంటండీ, టపాకాయంత సౌండ్ కూడా లేదు! పేరులోనే బోరుంది" అని బల్లమీద పడేశాడు. ఇక నా పొడుగు చూసి క్లబ్బు కార్యదర్శి గొర్లె సింహాద్రినాయుడు పెట్టిన పేరు మీరు ఊహించగలరు. తెలుగువాళ్ళు ఎవణ్ణైనా తీసిపారేయాలంటే ఏమంటారు? "వాడేమన్నా పెద్ద గొట్టంగాడా?" అంటారు. ఆ పేరు నాకు అతికినట్టు సరిపోయింది. "ఆ గొట్టంగాణ్ణి లోపల పెట్టీండి" అనేవాడు నాయుడు.

నాయుడు రోడ్ల కాంట్రాక్టరు. మీసం ఘనం, గొంతు అంతకంటే ఘనం. అతని సొంత ఆయుధం థర్టీటూ బోరు రివాల్వరు. గొట్టం మూడు అంగుళాలే. జేబులో పట్టేంత పొట్టి, పేలితే మాత్రం క్లబ్బు రేకులు అదిరేవి. క్లబ్బు గదిలో కూడా అచ్చం అలాంటిది ఇంకొకటుంది. "ఇరవై రెండు కన్నా ముప్పై రెండు పది ఎక్కువ. లెక్కలు రానోళ్ళే ట్వంటీటూ పట్టుకుంటారు" అనేవాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. నేను చెప్పగలను గానీ, నా మాట నా నోటిలోంచి వస్తే బావుండదు.

అప్పుడు వచ్చింది పైడితల్లి.

ఫిషింగ్ హార్బరు దగ్గర ఐస్ ఫ్యాక్టరీ ఆవిడది. భర్త పోయాక ఒక్కతే నడుపుతోంది. యాభై దాటిన మనిషి, పొట్టి, గట్టి. ఐసు దిమ్మలు లాగి లాగి మణికట్లు కొయ్యల్లా అయ్యాయి. సభ్యత్వం తాత్కాలికంగా ఇచ్చారు. క్లబ్బు నియమం ప్రకారం కొత్తవాళ్ళు ఆ ఏడాది జరిగే వార్షిక పోటీలో మూడు వందల పాయింట్లకి రెండు వందల నలభై తెచ్చుకోవాలి. లేకపోతే పేరు కొట్టేసి, వెనక కాచుకుని ఉన్నవాళ్ళకి ఆ చోటు ఇచ్చేస్తారు. ఆ వరసలో మొట్టమొదట నిలబడి ఉన్నవాడు నాయుడి బావమరిది.

మొదటి రోజు నాయుడే ఎదురెళ్ళి క్లబ్బు వాళ్ళ పొట్టి రివాల్వరు ఆవిడ చేతిలో పెట్టాడు.

"పైడితల్లమ్మా, ఇది లేడీస్ పీసు. చిన్న చేతికి చిన్న తుపాకి. హ్యాండ్‌బ్యాగులో కూడా పట్టేస్తాది."

"బ్యాగులో పెట్టుకుందికి కాదు బాబూ, కాగితానికి బొక్కెట్టడానికి వచ్చేను" అంది ఆవిడ. అయినా పెద్దమనిషి చెప్పాడు కదా అని దాన్నే పట్టుకుంది.

ఇక్కడ నాయుణ్ణి తప్పుపట్టను. అతను మనస్ఫూర్తిగానే చెప్పాడు. చిన్నది మెత్తగా ఉంటుందని మనుషులందరి నమ్మకం. చిన్నపిల్లల్ని ఎత్తుకున్న అలవాటు కాబోలు. తుపాకుల్లో లెక్క తిరగబడుతుంది. ఒంట్లో బరువు లేని పొట్టి తుపాకిలో పెద్ద తూటా పేలితే ఆ తన్నంతా చేతికే తగులుతుంది. పైగా గొట్టం పొట్టిదైతే మందు లోపల పూర్తిగా కాలదు. మిగతాది బయటికొచ్చి మంటై మండుతుంది, మోతై చెవుల్లో దూరుతుంది.

పైడితల్లికి పడనిది సరిగ్గా ఆ మోతే.

కొన్ని వారాలు నేను గది గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. ఆవిడ కాగితం మీద చిల్లులు ఉప్మాలో జీడిపప్పుల్లా అక్కడొకటి ఇక్కడొకటి. సగం కాగితానికే తగిలేవి కావు. నాయుడు నవ్వేవాడు. "ఆడోళ్ళకి అంతేనమ్మా, అలవాటవ్వాలి" అనేవాడు.

శిక్షకురాలు ఎస్తేరు మేడమ్ నవ్వలేదు. ఆవిడ పోలీసు శాఖలో షూటింగ్ నేర్పి రిటైరైన మనిషి. ఒక ఆదివారం రివాల్వరులో తూటాలు తనే నింపింది. ఐదు గదుల్లో నింపి, మూడోదానిలో మాత్రం ఎవరూ చూడకుండా మందులేని ఉత్తుత్తి తూటా పెట్టింది.

ఢాం. ఢాం. మూడోసారి ట్రిగ్గరు నొక్కితే 'టిక్' అంది. ఏమీ పేలలేదు. అయినా పైడితల్లి చెయ్యి కిందికి గుంజుకుపోయింది, కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి.

"చూశారా అక్కా? పేలకముందే మీరు పేలిపోతున్నారు" అంది ఎస్తేరు. "దీన్ని ఉలుకంటారు. ఎప్పట్నించీ?"

పైడితల్లి రివాల్వరు బల్లమీద పెట్టింది. తర్వాత చెప్పింది. పదేళ్ళ కిందట ఫ్యాక్టరీలో అమ్మోనియా పైపు ఆవిడ పక్కనే పేలింది. ఒంటికేమీ కాలేదు. చప్పుడు మాత్రం లోపల ఉండిపోయింది.

"దీపావళికి మా వీధిలో పిల్లలంతా కాల్చుకుంటంటే నాను గదిలో కెళ్ళి తలుపేసుకుంటాను. మనవరాలొచ్చి తలుపు కొడతాది, రా నానమ్మా అనీసి. ఎన్నాళ్ళని కూకోను సెప్పండి? అందుకే చప్పుడున్న చోటికే వచ్చేను. దాని సంగతేటో తేల్చుకుందారని."

పక్క లైనులోంచి నాయుడు పకపకా నవ్వాడు. "తుపాకి క్లబ్బుకొచ్చి చప్పుడంటే భయమేటమ్మా!"

ఎస్తేరు అతని వైపు తిరిగింది. "మీరూ ఒకసారి కాల్చండి నాయుడుగారూ. నేనే నింపుతాను."

"ఓస్, నింపండి!"

రెండు గుళ్ళు పేలాయి. మూడోది 'టిక్' అంది. నాయుడి రివాల్వరు ముక్కు, పెళ్ళిచూపుల్లో పెద్దాయన 'సరే' అన్నట్టు, కిందికి వంగి లేచింది. లైన్లలో ఉన్నవాళ్ళంతా చూశారు. ఎవరో దగ్గారు. నాయుడి మీసం కదల్లేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ క్షణంలోనే పైడితల్లి అతనికి పోటీదారు అయిపోయింది.

ఎస్తేరు బల్లమీద ఆకుపచ్చ గుడ్డ పరిచి మమ్మల్ని ముగ్గుర్ని వరసగా పెట్టింది. స్వయంవరమే అనుకోండి. మొదట మూడంగుళాల రివాల్వరు. తర్వాత నాలుగంగుళాల థర్టీటూ పిస్తోలు, ఎటూ మొగ్గని మధ్యస్థుడు. చివర నేను.

"ఒక్కోదాంతో ఐదు కాల్చండక్కా. ఎవరి మాటా వినకండి, నా మాట కూడా. కాగితం మాట వినండి."

రివాల్వరు కాగితం ఎప్పట్లాగే ఉంది. మధ్యస్థుడు కొంత నయం, నల్లచుక్క చుట్టూ తారాడాడు. తర్వాత ఆవిడ వేళ్ళు నా పిడి చుట్టూ బిగిశాయి. ఐసు పట్టిన వేళ్ళు, చల్లగా, తొణక్కుండా ఉన్నాయి. ట్రిగ్గరు నొక్కింది. నేను చిన్నగా దగ్గాను, అంతే. ఆవిడ ఎస్తేరు వైపు చూసింది.

"పేలిందేటి?"

"పేలింది. మిగతావి కూడా కానివ్వండి."

కాగితం తెచ్చి చూస్తే ఐదు చిల్లులూ అరచేతి కింద దాక్కున్నాయి.

"ఇది నా చేతి పనా, దీని మాయా?" అంది పైడితల్లి.

"రెండూ. గురి చూసే ఈ ముందు సైటుకీ వెనక సైటుకీ దూరం చూడండి. గొట్టం పొడుగైతే చెయ్యి పిసరంత వంకర పోయినా కంటికి కనబడుతుంది, సర్దుకుంటారు. పొట్టిదైతే తప్పు మీకు కనబడదు, కాగితానికే కనబడుతుంది. బోరు చిన్నదైతే తన్నదు, అరవదు. మీ ఉలుకుకి పనే ఉండదు."

"అలగైతే అడుగు పొడుగుది తేకపోనారా?"

"ముక్కు బరువెక్కి చెయ్యి వాలిపోతుందక్కా. ఈ ఆటకి ఆరంగుళాల వరకే ఒప్పుకుంటారు."

పైడితల్లి నన్ను ఎత్తి, ఒక కన్ను మూసి, మళ్ళీ దించింది. "మరైతే ఈ గొట్టంగాడే నాకు మొగుడు" అంది. ఎస్తేరు మేడమ్ పడీపడీ నవ్వింది. నేను ఇనుముని కాబట్టి సిగ్గుపడలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం మేమిద్దరం. ఆవిడ కాగితం మీద చిల్లులు దగ్గర దగ్గరగా జరిగాయి. పక్కన ఎవరైనా థర్టీటూ పేల్చినప్పుడు మాత్రం ఆవిడ భుజం ఇంకా ఎగిరేది. ఆ సంగతి ఎస్తేరుకీ తెలుసు, నాకూ తెలుసు. నాయుడికీ తెలుసని పోటీ రోజున తేలింది.

లైన్లు ఎవరెవరికో చీటీలు తీసి చెప్పేది కార్యదర్శే. తీసిన చీటీని తనే చదివి, తనే మడిచి జేబులో పెట్టుకున్నాడు నాయుడు. "ఐదో లైను సింహాద్రినాయుడు. ఆరో లైను పైడితల్లమ్మ."

ఎస్తేరు మొహం మాడిపోయింది. లైన్ల మధ్య అడ్డం ఒక పల్చటి చెక్క. రివాల్వరుకి గొట్టానికీ తూటాల చక్రానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. మంటా మోతా ముందుకే కాదు, పక్కలకి కూడా కొడతాయి. ప్రతి గుండూ ఆవిడ చెవి పక్కనే పేలుతుంది.

"లైను మార్చమని నేను అడుగుతానక్కా" అంది ఎస్తేరు.

"వద్దు మేడమ్. ఇక్కడ లైను మారుస్తారు. దీపాలపండక్కి మా వీధినెక్కడికి మార్చమంటారు?"

పోటీ సంగతి తేలికే. ఒక్కో విడతకి ఐదు గుళ్ళు, ఐదు నిమిషాలు. అలాంటివి ఆరు విడతలు. నల్లచుక్క నడిమధ్యన తగిలితే గుండుకి పది పాయింట్లు. సగటున విడతకి నలభై రావాలి.

ఈల మోగింది. ఆవిడ నన్ను ఎత్తింది. ముందు సైటు నల్లచుక్క కిందికి వచ్చి కుదురుకుంది. వేలు బిగుస్తోంది.

ఢాం!

నాయుడి గుండు. పైడితల్లి భుజం ఎగిరింది, నేను ఎగిరాను, నా గుండు ఎటో పోయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఆవిడ అతని గుండు కోసమే ఎదురుచూస్తూ బిగుసుకుపోయింది. అది ఇంకా ఘోరం. మొదటి కాగితం వచ్చింది. ముప్పై ఒకటి. చెక్క అవతలనుంచి నాయుడు తల బయట పెట్టి, "ఫర్వాలేదమ్మా, ఇంకో ఏడాది చూసుకోవచ్చు" అన్నాడు, ఎంతో జాలిగా.

పైడితల్లి చెవి మూతలు సర్దుకుంది.

రెండో విడతలో ఈల మోగినా ఆవిడ నన్ను ఎత్తలేదు. నిలబడి కాచుకుంది. నాయుడిది తొందర మనిషి చెయ్యి. టపటపా ఐదూ పేల్చేసి దించాడు. అప్పుడు ఆవిడ నన్ను ఎత్తింది. మిగిలిన సమయమంతా మాది, నిశ్శబ్దం కూడా మాదే. నలభై దాటింది.

నాయుడికి అర్థమైంది. రోడ్లు వేసేవాడు, దారి మూసెయ్యడం తెలియదా? మూడో విడత నుంచి ఒక గుండు పేల్చడం, ఆగడం, ఇంకోటి పేల్చడం. గడువు అంచుదాకా సాగదీశాడు. కాచుకుని కూర్చునే వీలు లేకుండా చేశాడు.

ఇప్పుడేం చేస్తుంది? నాకూ తెలియదు. చేతిలో ఉన్నవాడికి చేసేదేముంది?

ఆవిడ నన్ను ఎత్తి, సైటు కుదిర్చి, నొక్కకుండా ఊరుకుంది. ఢాం అని అతని గుండు పేలింది. భుజం ఎగిరింది. ఎగిరిన వెంటనే కిందికి దిగింది. ఊపిరి వదిలింది. అదే ఊపిరిలో నన్ను నొక్కింది. తొమ్మిది.

నాకు అప్పుడు తట్టింది. నాయుడి రివాల్వరు ఒకసారి తన్నిందంటే దాని ముక్కు పైకి లేచి, మళ్ళీ గురికి వచ్చి, అతని చెయ్యి కుదురుకునేదాకా సమయం పడుతుంది. ఆ కాసేపు అతను చేతకానివాడు. అతని మోత వెనకాలే ఒక ఖాళీ ఉంది. దాన్లో నేను హాయిగా పడతాను. ఎందుకంటే నేను తన్నను, నా ముక్కు లేవదు. ఎక్కడ పెడితే అక్కడే ఉంటాను. అతను పేల్చడం, నేను పేలడం. ఢాం, టప్. ఢాం, టప్. అతని మోతే మాకు తాళమైంది. ప్రతిసారి భుజం ఎగరడం కాస్త తగ్గింది. నాలుగో విడత, ఐదో విడత. కాగితాలు మార్చే ఎస్తేరు కళ్ళు మెరుస్తున్నాయి.

అటువైపు ఇంకో వింత జరుగుతోంది. పక్కలైను మీదే ధ్యాస పెట్టి, బరువైన చెయ్యి ఎత్తి పట్టుకుని ఆగీ ఆగీ, నాయుడి గుళ్ళు నల్లచుక్క వదిలేసి కాగితం కింది అంచు మీద కాపురం పెట్టాయి.

ఆరో విడత. నాలుగు గుళ్ళు అయిపోయాయి. ఆవిడకి ఒక్కటే మిగిలింది, అందులో తొమ్మిది రావాలి. ఎనిమిది వస్తే ఇంటికే. నాయుడి దగ్గర కూడా ఒక్కటే ఉంది. అతను కాల్చలేదు. పట్టుకుని ఆగాడు. కాగితం వైపు చూడటం లేదు, చెక్క సందులోంచి ఆవిడ వేలినే చూస్తున్నాడు.

గడువు కరిగిపోతోంది. తాళం లేదు. అతను పేలిస్తేనే ఆవిడకి ఖాళీ దొరుకుతుంది. అతను పేల్చడు, ఆవిడ నొక్కే క్షణం దాకా.

పైడితల్లి పెదవులు కదిలాయి. నాకు దగ్గరగా ఉన్నాయి కాబట్టి వినబడింది. "పేల్చుకో నాయనా."

వేలు కదిలింది. నెమ్మదిగా, ఐసు కరిగినట్టు. ట్రిగ్గరు సగం దూరం వచ్చింది. ముప్పావు. ఇక వెంట్రుకవాసి ఉందనగా,

ఢాం!

అతని మంట చెక్క సందులోంచి ఆవిడ చెంపమీద వెలిగింది. నేను ఆవిడ చేతిలో ఉన్నాను, నాకంటే సాక్ష్యం ఎవరు చెప్పగలరు? భుజం ఎగరలేదు. రెప్ప పడలేదు. ముందు సైటు నల్లచుక్క కింద, గోడకు కొట్టిన మేకులా నిలిచిపోయింది. వేలు తన పని తను ముగించింది.

టప్.

కాగితం తెచ్చేటప్పుడు ఎస్తేరు నడవలేదు, పరుగెత్తింది. నల్లచుక్క నడిమధ్యన ఒక్క చిల్లు. పది!

రెండు వందల నలభై ఒకటి. లైన్లలో చప్పట్లు, ఈలలు. ఎవరో "గొట్టంగాడికీ జై!" అని అరిచారు. ఆ మాట ఇప్పుడు తిట్టులా వినిపించలేదు. పైడితల్లి చెవి మూతలు తీసేసి, ఆ గోలంతా చెవుల నిండా వింది. నన్ను ఖాళీ చేసి, పద్ధతిగా బల్లమీద పెట్టింది.

నాయుడి ఆఖరి గుండు కాగితానికే తగల్లేదు. పక్కకి చూస్తూ కాలిస్తే ఎలా తగులుతుంది? మొత్తం కూడితే అతనికి రెండు వందలు కూడా రాలేదు. "పాత సభ్యులకి నియమం వర్తించదు" అని ఎస్తేరు గట్టిగా చదివి వినిపించింది, అందరికీ వినబడేలా. బావమరిది బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత ఆదివారాల్లో బల్ల దగ్గర ఒక మార్పు కనిపించింది. నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. మోత లేదని నన్ను పడేసిన కుర్రాడు కూడా వరసలో నిలబడ్డాడు. మనుషులు నా గురించి ఏం తెలుసుకున్నారో చెప్పలేను. నేనప్పుడూ ఆరంగుళాలే, ఇప్పుడూ ఆరంగుళాలే. గెలిచినదాని పొడుగు చూసి ముచ్చటపడటం వాళ్ళ అలవాటు.

ఒక రోజు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, నాయుడు వచ్చాడు. లైనులో పైడితల్లి ఒక్కతే ఉంది. అతను కాసేపు రేకుల వైపు చూశాడు, కాసేపు చెప్పుల వైపు చూశాడు.

"ఒకసారి అది ఇస్తావేటమ్మా? ఊరికే, సూద్దారని."

పైడితల్లి ఏమీ ఎగతాళి చెయ్యలేదు. నన్ను అతని చేతిలో పెట్టి, పక్కన నిలబడింది. "నెమ్మదిగా బాబూ. లాగకు, నొక్కు. అది నిన్నేటీ సెయ్యదు."

పెద్ద చెయ్యి. చెమటతో జారుతోంది. మీసం వెనక పళ్ళు బిగుసుకోవడం నాకు తెలుస్తోంది. నేను నా వంతు చేశాను. తిన్నగా ఉన్నాను. నొక్కాడు. టప్ అన్నాను.

నాయుడు చాపిన చెయ్యి దించలేదు.

"పడిందేటమ్మా?" అన్నాడు.

"పడింది" అంది పైడితల్లి. "కళ్ళు తెరు బాబూ, కనిపిస్తాది."